ఆకు కొసన సన్నని ముల్లు

మానస ఇంట్లో మొన ఉన్న వస్తువేదీ మొనతో మిగలదు. కత్తెర కొసలకు మందు సీసాల రబ్బరు మూతలు తొడిగి ఉంటాయి. కూరగాయల కత్తి మొనను ఆమె స్వయంగా గచ్చు మీద రుద్ది మొండి చేసింది. భోజనాల బల్ల మూలలకు డ్రిప్ పైపు ముక్కలు చీల్చి అతికించింది. భర్త వీరేశ్‌కు జహీరాబాద్‌లో డ్రిప్ పైపుల దుకాణం ఉంది కాబట్టి ఆ సరుకుకు కొరత లేదు. మూడేళ్ల కూతురు దీక్షిత చేతికి పెన్సిల్ ఇచ్చే ముందు దాని ములుకును నేల మీద గుండ్రంగా అరగదీసి ఇస్తుంది. ఆ పెన్సిల్‌తో గీస్తే గీత రాదు, మరక వస్తుంది. దీక్షిత వేసిన ఏనుగూ, ఆటో, నాయనమ్మా అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

“మా ఇంట్ల దొంగ పడ్డా వాని ఒంటి మీద గీత పడది,” అని వీరేశ్ దుకాణానికి వచ్చిన రైతులతో అంటుంటాడు. ఆమె జీవశాస్త్రం చెప్పే బడిలో తోటి టీచర్లు ‘ఫికర్ మేడం’ అని పేరు పెట్టారు. ఆ పేరుకు మానస కోపగించుకోదు. కోపం తెచ్చుకునేంత తీరిక ఆమె భయానికి లేదు.

ఆమె పుట్టుకతో ఇలాంటిది కాదు. తండ్రి వెంకట్ దర్జీ. చిన్నప్పుడు కుట్టుమిషన్ కిందే ఆడుకుంది. చాపలో ఇరుక్కున్న సూదుల్ని ఒట్టి వేళ్లతో ఏరి డబ్బాలో వేయడం ఆమె పని. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం తీసుకున్నాక ముళ్లకంచెల్లో దూరి కొమ్మలు తెంపుకొచ్చేది. తోటి పిల్లలు గొంగళిపురుగును చూసి అరిస్తే, ఆమె దాన్ని ఆకుతో సహా ఎత్తి చూసేది. దీక్షిత నెలలు నిండకుండా పుట్టి, అద్దాల పెట్టెలో అరచేతంత పిల్లగా పడుకున్న రోజుల్లో ఆ ధైర్యమంతా ఎటో పోయింది. పిల్ల తేరుకుంది, బరువెక్కింది, పరుగులు పెట్టింది. తల్లి మాత్రం ఆ పెట్టె పక్కనే నిలబడిపోయింది.

చదువుకున్నదానివి, నీకెందుకు ఇంత భయం అని అందరూ అడుగుతారు. చదువే ఆమె భయానికి వివరాలు అందించిందని వాళ్లకు తెలియదు. మిగతా తల్లులు ‘ఏమన్నా అవుతుందేమో’ అని భయపడతారు. మానసకు ఆ ‘ఏమన్నా’ ఏమిటో తెలుసు. గుండ్రటి బ్యాటరీ బిళ్ల మింగితే అన్నవాహిక ఎక్కడ కాలుతుందో, వేరుశనగ గింజ ఏ శ్వాసనాళంలోకి జారుతుందో తెలుసు. తెలిసిన దారుల్లోనే ఆమె భయం నడుస్తుంది.

ఆమెకు వృక్షశాస్త్రం చెప్పింది మల్లికార్జున్ సార్. ఆకుల కొసల పాఠం ఆయన నల్లబల్ల మీద చెప్పేవాడు కాదు. పిల్లలందరినీ కళ్లు మూసుకోమని, ఒక్కొక్కరి పై పెదవికి ఒక్కో ఆకు కొస తాకించేవాడు.

“చెప్పుర్రి, ఎట్లుంది?”

“కుచ్చుకుంటుంది సార్.”

“కుచ్చుకుంటదని నాకు గూడ ఎర్కే. ఎట్ల కుచ్చుకుంటుంది?”

ఆకు వెడల్పు కొద్దికొద్దిగా తగ్గుతూ, సాగదీసినట్టు పోయి మొనదేలితే అది అక్యూమినేట్. ఆకు మొండిగానే ముగిసి, ఆ మొండి అంచు మీద ఉన్నట్టుండి సూది గుచ్చి విడిచినట్టు చిన్న ములుకు కనిపిస్తే అది మ్యూక్రొనేట్. లాటిన్‌లో మ్యూక్రో అంటే కత్తి మొన అని చెప్పి సార్ మళ్లీ కళ్లు మూయించేవాడు. చిలకతోటకూర ఆకు అందుకు మంచి ఉదాహరణ. దాని కొస గుండ్రంగా వచ్చి, నడుమ చిన్న నొక్కు పడి, ఆ నొక్కులోంచి వెంట్రుకంత ముల్లు తొంగిచూస్తుంది. ముల్లన్న మాటే గానీ పెదవికి గిలిగింతే తప్ప నొప్పి ఉండదు.

“మొన ఉందా లేదా అని చూసేటోడు కట్టెలు కొట్టుకోవాలె,” అనేవాడు సార్. “మొన ఎట్లొచ్చిందో చూసేటోడే బాటనీ చదవాలె.”

ఆ మాటను మానస తన విద్యార్థులకు ఏటా చెబుతుంది. ఎల్లమాస నాడు మాత్రం చెప్పాల్సిన చోట చెప్పలేదు.

వీరేశ్ వాళ్ల పెద్దలు బీదర్ వైపు నుంచి వచ్చి న్యాల్‌కల్ దగ్గర భూమి కొనుక్కున్నవాళ్లు. చలికాలపు అమావాస్యకు వచ్చే ఎల్లమాస వాళ్లకు పెద్ద పండుగ. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. ఇల్లంతా చేనుకు పోవాలి. జొన్న చొప్పతో చిన్న గుడిసె కట్టి, లోపల సున్నం పూసిన ఐదు రాళ్లు నిలిపి, భూమికి అంబలి చల్లి మొక్కాలి. ఆ తర్వాత భజ్జి. శనగాకు, మెంతికూర, పచ్చి కందులు, అనపగింజలు, ఇంకా చేనులో, గట్టు మీద దొరికే ప్రతి ఆకుకూరా ఒక పిడికెడు వేసి, చింతపండు పులుసు పోసి, శనగపిండి కలిపి ఉడికిస్తారు. అందరి చేతి పిడికిలీ అందులో పడాలి. పిడికిలి వెయ్యనివాళ్లు చేను కోపానికి గురవుతారని అత్తగారు శరణమ్మ నమ్మకం.

ఏటా ఆకులు ఏరేది, వండేది శరణమ్మే. ఈసారి ఆమెకు కంటి ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాలేదు. పొగ తగలకూడదన్నారు. నల్లద్దాలు పెట్టుకుని, పొయ్యికి దూరంగా గొంగడి మీద కూర్చుంది. వీరేశ్ చెల్లెలు పూజ, పెళ్లయ్యాక పుట్టింటికి వచ్చిన మొదటి ఎల్లమాస కాబట్టి, భజ్జి తానే వండుతానని పట్టుబట్టింది. చిన్నప్పటి నుంచి హాస్టళ్లలో చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో కాపురం చేస్తున్న పిల్ల. కట్టగట్టి అమ్మితే తప్ప ఆకుకూర ఏదో గుర్తుపట్టలేదు.

“వదినా, గట్టు మీద అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయి. చిలకకూర ఏదో ఎట్ల తెలుస్తది?”

మానస జవాబు చెప్పబోతుండగా, జొన్నల వైపు నుంచి దీక్షిత నవ్వు వినిపించింది. తిరిగి చూస్తే పిల్ల చొప్ప కట్ట పక్కన వదిలేసిన కొడవలి వైపు నడుస్తోంది.

“కొస చూడు పూజా! కొసకు సన్న ముల్లు ఉంటది. గదే!” అంటూ పరుగెత్తింది.

కొడవలి తీసి గుడిసె పైకప్పులో దోపింది. పిల్లను చంకనెత్తుకుని వచ్చేసరికి పూజ ఒళ్లో ఆకులు నింపుకుని పొయ్యి దగ్గర కూర్చుని తరుగుతోంది. మానస ఆ ఆకుల్ని చూడలేదు. చూసుకోవాల్సిన మొనలు ఆమెకు ఇంకా చాలా ఉన్నాయి. పొయ్యి పక్కన ఎండుకట్టెలు, మొక్కుకు కొట్టిన కొబ్బరికాయ చిప్పలు, మామగారి ముల్లుకర్ర.

ముందు మగవాళ్లకూ పిల్లకూ వడ్డించారు. మామగారు బస్వరాజ్, వీరేశ్ విస్తళ్ల ముందు కూర్చున్నారు. రుచి చూడాలని పూజ కూడా అన్న పక్కన చేరింది. శరణమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, సజ్జ రొట్టెను భజ్జిలో నానబెట్టి, పైన కొంచెం బెల్లం నలిపి తినిపించింది. ఇంట్లో నాలుగు ముద్దలకే నోరు మూసే దీక్షిత, చేనుగాలికి కాబోలు, ఇంకా ఇంకా అంది.

“సూడవ్వా, నా చేతి మహిమ,” అని శరణమ్మ కోడలి వైపు చూసి మురిసిపోయింది. “నువ్వు ఇంట్ల పిల్లను మందులెక్క తినిపిస్తవ్. గందుకే తినది.”

“జర చేదుంది బిడ్డా,” అన్నాడు బస్వరాజ్, చెయ్యి నాకుతూనే. “మెంతికూర జాస్తయిందా?”

“మొదటిసారి చేసిన నాయనా. పేర్లు పెట్టకు,” అంది పూజ.

“పేర్లెక్కడ పెట్టిన? మల్ల ఎయ్యి.”

అందరూ నవ్వుకున్నారు. ఆ ‘చేదు’ అన్న మాట మానస చెవిలో పడింది. పడి ఊరుకుంది.

భోజనాలయ్యాక దీక్షిత గొంగడి మీద పడుకుంది. ఇక అత్తాకోడళ్లు తినాలి. దానికంటే ముందు పక్క చేనువాళ్లకు గిన్నెడు భజ్జి పంపడం ఆనవాయితీ. శరణమ్మ గిన్నె తెమ్మంది. మానస పొయ్యి దగ్గరికి వెళ్లింది. పూజ తరగకుండా మిగిల్చిన ఆకులు అక్కడ చున్నీ మూలలో వాడిపోతున్నాయి. ఊరికే, ఏళ్లనాటి అలవాటుకొద్దీ, ఒక ఆకు తీసి కొసను బొటనవేలితో తడిమింది.

నొక్కు తగల్లేదు.

కళ్ల ముందుకు తెచ్చుకుని చూసింది. మొండి అంచు లేదు. ఆకు నిదానంగా సన్నబడుతూ పోయి మొనదేలింది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. తొడిమ దగ్గర ఆకు రెండు వైపులూ సమానంగా కలవడం లేదు. ఒకవైపు కిందికి జారి ఉంది. నలిపి వాసన చూసింది. పచ్చి, జిడ్డు కంపు ముక్కుకు పట్టింది.

మానసకు ఒక్కసారిగా చెవుల్లో ఏమీ వినిపించలేదు. పూజ ఏదో అంటోంది. పెదవులు కదలడం మాత్రం కనబడుతోంది.

“ఎక్కడ తెంపినవ్ ఇవి?”

“గట్టు చివర, పెంటకుప్ప పక్కకు. బాగ ఏపుగున్నయి వదినా. నువ్వే చెప్పినవ్ గద, కొసకు ముల్లుండాలెనని. అన్నిట్లకు ఉంది.”

“ఎంత ఏసినవ్?”

పూజ మొహంలో నవ్వు ఆగిపోయింది. రెండు దోసిళ్లు కలిపి చూపించింది.

శరణమ్మ లేచి వచ్చి, నల్లద్దాలు తీసి, కోడలి చేతిలోని ఆకును ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె గొంతు చాలా చిన్నగా వచ్చింది. “శివ శివా. ఉమ్మెత్త.”

గిన్నెలోని భజ్జి గిన్నెతో సహా మట్టిలో బోర్లించింది.

మానస అప్పటికే గొంగడి దగ్గర ఉంది. దీక్షిత ముఖం ఎర్రగా ఉంది. ఎండకా? నుదురు వేడిగా ఉంది. నిద్రకా? లేపి నోరు తెరిపించింది. నాలుక పొడిబట్ట ముక్కలా ఉంది. ఉమ్మెత్త ఏం చేస్తుందో ఆమె విద్యార్థులకు చెప్పిన వాక్యాలే ఇప్పుడు వరసగా వస్తున్నాయి. నోరెండుతుంది, చర్మం ఎర్రబడుతుంది, కంటిపాప విచ్చుకుంటుంది, గుండె పరుగెడుతుంది, బుద్ధి చెదురుతుంది. మోతాదు శరీరపు బరువును బట్టి ఉంటుంది. దీక్షిత బరువు అంగన్‌వాడీ కాటా మీద ఎప్పుడూ ఒక గీత తక్కువే.

“అమ్మా, నీళ్లు,” అంది పిల్ల. ఇచ్చిన నీళ్లు మింగలేక గడ్డం మీదికి వదిలేసింది.

“దవాఖానకు పోదాం. అందరం,” అంది మానస. “అందరు తిన్నరు.”

“నాకేం కాలే,” అంటూనే వీరేశ్ జేబులోంచి కారు తాళం తీశాడు. “అంబులెన్సు ఇంత దూరమొచ్చి మల్ల పోయే లోపట మనమే చేరతం. దా.”

“మీరు నడపొద్దు.”

“ఎందుకు?”

“మీరు గూడ తిన్నరు. దోవల కండ్లు మసకబారుతయి. ఒకసారి మొదలైతే బండి ఆపే సోయి గూడ ఉండది.”

“మరి ఎవరు నడపాలె?”

ఆ చేనులో భజ్జి తిననివాళ్లు ఇద్దరే. ఒకరు కంటి ఆపరేషన్ అయిన శరణమ్మ, ఇంకొకరు మానస. పక్క చేలవాళ్లు ట్రాక్టర్ల మీదా బైకుల మీదా వచ్చినవాళ్లు. పెళ్లయిన కొత్తలో వీరేశే మానసకు కారు నేర్పించాడు. లైసెన్సు కూడా తీసుకుంది. దీక్షిత పుట్టాక స్టీరింగు ముట్టలేదు. వెనక సీట్లో పిల్ల ఉంటే తాను నడపలేనని, ప్రతి మలుపు దగ్గరా గుద్దుకున్నట్టే కనిపిస్తుందని ఒకసారి చెప్పి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తాళం కోసం చెయ్యి చాపింది. వీరేశ్ ఇచ్చాడు. ఆ క్షణంలో అతనికి భయమేసిందని తర్వాత ఒప్పుకున్నాడు. ఉమ్మెత్తకంటే ఆమె నడపడానికే ఎక్కువ భయపడ్డాడట.

ముందు సీట్లో బస్వరాజ్ కూర్చున్నాడు. వెనక పూజ, వీరేశ్, నడుమ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని శరణమ్మ. మిగిలిన ఆకుల్ని మానస తన చీర కొంగులో ముడేసుకుంది. కారు రెండుసార్లు ఆగిపోయి మూడోసారికి కదిలింది. న్యాల్‌కల్ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. ట్రాలీల వెనక చెరకు గడలు బయటికి పొడుచుకొచ్చి అద్దం మీదికే వస్తున్నట్టున్నాయి. ప్రతి గడ కొసా ఆమె కంట్లో దిగేలా ఉంది. చెమటకు స్టీరింగు జారుతోంది.

“హారన్ కొట్టు బిడ్డా. వాడు జరుగుతడు,” అన్నాడు బస్వరాజ్. కాసేపాగి, “అగో, రోడ్డు మీద గంత మంది ఆడోళ్లు ఎందుకు కూసున్నరు?” అన్నాడు.

రోడ్డు మీద ఎవరూ లేరు.

మానస అద్దంలోకి చూసింది. వీరేశ్ కళ్లు నులుముకుంటున్నాడు. “మసకొచ్చింది,” అన్నాడు మెల్లగా. “నువ్వు చెప్పినట్లే.”

“దీక్షు ఎట్లుంది అత్తమ్మా?”

శరణమ్మ పిల్ల మీదికి వంగింది. “గాలిల ఏందో పట్టుకుంటుందవ్వా.”

దీక్షిత రెండు చేతులూ ఎత్తి, వేళ్ల కొసలతో ఖాళీ గాలిని జాగ్రత్తగా తెంపుతోంది. తెంపి, లేనిదాన్ని నాయనమ్మ ఒళ్లో పెడుతోంది. “సీతాకోకచిలుక,” అంటోంది. “ఇంకోటి. ఇంకోటి.” తర్వాత తల్లి వైపు చూసి, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు వెనక్కి ఒరిగింది.

మానసకు అరవాలనిపించింది. అరిస్తే కారు ఆపాల్సి వస్తుంది. పెదవిని పళ్లకింద నొక్కిపట్టి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా, ట్రాక్టర్ పక్కన ఉన్న ఇరుకు సందులోంచి కారును పోనిచ్చింది. ఆ సందులోంచి తాను ఎలా దాటిందో ఆమెకు ఇప్పటికీ గుర్తులేదు.

దవాఖానలో డ్యూటీ డాక్టర్ భాగీరథి పిల్ల కళ్లల్లోకి టార్చి వేసి చూసింది. వెలుగు పడినా కంటిపాప ముడుచుకోలేదు.

“ఏం తిన్నది?”

మానస కొంగు ముడి విప్పి ఆకులు బల్ల మీద పోసింది. “ఉమ్మెత్త మేడం. పండుగ కూరల కలిసింది. మా ఆయన, మామ, ఆడబిడ్డ గూడ తిన్నరు. రెండు దోసిళ్లు కుండల పడ్డయి. పాప ఎప్పటి కంటె ఎక్కువ తిన్నది.”

“ఉమ్మెత్తనే అని ఎట్ల చెప్తవ్? గట్టుమీద వంద ఆకులుంటయి.”

“బాటనీ చదివిన. కొస అక్యూమినేట్ మేడం, మ్యూక్రొనేట్ కాదు. మొదలు వంకర, వాసన కూడా…” అని ఆగలేక చెప్పుకుంటూ పోయింది. చెబుతున్నంతసేపూ పిల్ల బతికి ఉంటుందన్నట్టు చెప్పింది.

“కొస సంగతి నాకు తెల్వదమ్మా,” అంది డాక్టర్, ఆమె భుజం మీద చెయ్యేసి పక్కకు జరుపుతూ. “కండ్లు అదే చెప్తున్నయి. నువ్వు పేరు తెచ్చినవ్, మంచిదైంది. ఇగ జరుగు. మా పని చెయ్యనీ.”

బస్వరాజ్‌ను, వీరేశ్‌ను, పూజను పక్క వార్డులో పడుకోబెట్టారు. దీక్షిత ముక్కులోంచి సన్నని గొట్టం వేసి విషాన్ని పీల్చే నల్లటి బొగ్గు మందు ఎక్కించారు. ఒంటికి తడిబట్టలు చుట్టారు. ఛాతీ మీద తీగలు అతికించి యంత్రానికి కలిపారు. యంత్రం తెర మీద పచ్చగీత నడుస్తోంది. గీతలో నిటారుగా మొనలు. ఒక మొన దిగకముందే ఇంకో మొన లేస్తోంది. మొనల మధ్య వేలు పట్టేంత చోటు కూడా లేదు.

“ఇంత జోరు మంచిది కాదు,” అంది డాక్టర్. “విషం దిగాలె. చూద్దాం. ఒంటికి పోస్తే చెప్పుర్రి. విషానికి మూత్రం బిగబట్టింది, అది వస్తే విషం దిగుతున్నట్లే.”

వసారాలో శరణమ్మ నేల మీద కూర్చుని ఉంది. పూజ వార్డులోంచి లేచి గోడ పట్టుకుంటూ వచ్చింది. చూపు నిలవడం లేదు. కళ్లల్లో నలుపే ఎక్కువ కనిపిస్తోంది.

“నీ చేతులు పడిపోను,” అంది శరణమ్మ కూతుర్ని చూడగానే. “ఆకు తెల్వకపోతే అడగాలె. నోరు లేదా? వంట నేనే చేస్త, నేనే చేస్త అని ఎగిరినవ్. ఎగిరి నా మనవరాలిని మింగినవ్.”

పూజ గోడకు ఆనుకుని కిందికి జారింది.

మానస అక్కడే ఉంది. ఊరుకుంటే ఆ మాట పూజ మీదే నిలబడిపోతుంది. రేపు చుట్టాలు వస్తారు, అదే అంటారు. ఊరుకోవడం చాలా తేలిక. పిల్ల లోపల అలా పడి ఉన్నప్పుడు తల్లిని ఎవరూ ఏమీ అడగరు.

“పూజ అడిగింది అత్తమ్మా,” అంది. “నన్నడిగింది. నేను సగమే చెప్పిన.”

“ఏం సగం?”

“కొసకు ముల్లుంటదన్న. ఆకు మొండిగుండాలె, నొక్కుండాలె, ఆ నొక్కుల ముల్లుండాలె. అది చెప్పలే. ఉత్త ముల్లంటే గట్టు మీద ఆకులన్నిటికీ ఉంటది. దీక్షు కొడవలి దిక్కు పోతుందని ఉరికిన. మల్లొచ్చి ఆకులు గూడ చూడలే.”

శరణమ్మ ఆమె వైపు తిరిగింది. నల్లద్దాల వెనక కళ్లు కనబడలేదు.

“తినిపిచ్చింది నేను,” అంది. “అడిగినకొద్ది బెల్లం వేసి తినిపిచ్చిన. ఇగ ఎవరిననాలె?” కూతురి వైపు చెయ్యి చాపి, “రాయే, గోడకెందుకు, ఇటు ఆనుకో,” అంది.

సాయంత్రం దాకా మానస తెర ముందు నుంచి కదల్లేదు. ఇంట్లో మొనలన్నీ అరగదీసిన మనిషి, ఆ పచ్చగీతలోని మొనల్ని ఒక్కటి కూడా వదలకుండా చూస్తూ కూర్చుంది. ఒక మొన పొట్టిగా వస్తే ఆమె ఊపిరి ఆగేది. గీత చదునైతే ఏమిటో ఆమెకు తెలుసు. మొన ఉండాలి. ఒకదానికొకటి దూరంగా ఉండాలి, అంతే. ఆమెకు తెలిసిన దేవుళ్లెవరికీ ఇలాంటి మొక్కు ఎవరూ మొక్కి ఉండరు.

కిటికీ బయట వెలుతురు పలచబడుతుండగా మొనల మధ్య కాస్త ఖాళీ కనిపించినట్టయింది. తన కళ్లను నమ్మలేదు. నర్సును పిలిచి అడిగింది. “జర తగ్గింది,” అందామె. గాలిని తెంపుతున్న వేళ్లు మెల్లగా దుప్పటి మీదికి వాలాయి. శరణమ్మ వచ్చి, తడిబట్ట మార్చడానికి పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఉన్నట్టుండి కెవ్వుమంది.

మానస తెర వదిలి పరుగున వచ్చింది. “ఏమైంది?”

“ఒంటికి పోసింది!” అంది శరణమ్మ. పండుగకు కట్టుకున్న ఇల్కల్ చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. “పోయనీ తల్లీ. ఇంకా పొయ్యి. నా బంగారం, నా చీర మొత్తం తడుపు!”

డాక్టర్ భాగీరథి లోపలికి వచ్చి చీరను చూసి, ఆ పూటకు మొదటిసారి నవ్వింది. “మంచి కబురే. అయినా ఈ రాత్రి ఇక్కడే ఉంచుతం,” అంది.

దీక్షిత కళ్లు తెరిచింది. కంటిపాపలు ఇంకా పెద్దగానే ఉన్నాయి. కాసేపు తల్లి ముఖం మీద తడుముకుని, చివరికి ఆగాయి.

“అమ్మా. చిలుకలు ఎటుపోయినయి?”

మానస అప్పుడు ఏడ్చింది.

పెద్దవాళ్లు ముగ్గురూ రెండో రోజుకు తేరుకున్నారు. బస్వరాజ్‌ను రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ల గురించి అడిగితే సిగ్గుపడి మాట మారుస్తాడు. పూజ హైదరాబాద్ వెళ్లే ముందు రోజు మానస ఇంటికి వచ్చింది.

మానస బజారు నుంచి చిలకతోటకూర కట్ట తెచ్చింది. ఉమ్మెత్త ఆకు ఒకటి కాగితంలో చుట్టి తెచ్చింది. ఇంట్లోకి ఆ ఆకును తేవడానికి ఆమెకు ఎంత కష్టమైందో, తెచ్చాక ఎన్నిసార్లు చేతులు కడుక్కుందో వీరేశ్ చూశాడు.

“కండ్లు మూసుకో,” అంది పూజతో. ఉమ్మెత్తను ముట్టనివ్వలేదు, అంతకుముందే దూరం నుంచి చూపించి చుట్టేసింది. చిలకకూర కొసను మాత్రం ఆమె పై పెదవికి తాకించింది. “మొండిగుందా? నడుమ నొక్కు తెలుస్తుందా? అందుల ముల్లు. ఇదీ పూర్తి మాట.”

“గిలిగింతలు పెడ్తుంది వదినా.”

“నాకు, నాకు!” అని దీక్షిత ఇద్దరి మధ్యలోకి దూరింది.

మానస చెయ్యి వెనక్కి పోయింది. పిల్ల కంటికీ ఆ ఆకు కొసకూ మధ్య ఎంత దూరమో ఆమె చూపు అప్పుడే కొలిచేసింది. అది వెంట్రుకంత ముల్లని, మెత్తనిదని తెలుసు. తెలిసినా చెయ్యి ముందుకు రాలేదు. ఆ భయం పోయే రకం కాదని ఆమెకు అర్థమైంది. దవాఖాన నుంచి వచ్చాక బల్ల మూలలకు పైపు ముక్కలు ఇంకో వరస అతికించింది కూడా.

దీక్షిత చూపుడువేలు చాపి నిలబడింది. మానస ఎడమచేత్తో ఆ చిన్న మణికట్టును పట్టుకుంది. కుడిచేత్తో ఆకును దగ్గరికి తెచ్చి, కొసను వేలికి తాకించింది.

“ఎట్లుంది?”

పిల్ల ఆలోచించింది. “కుచ్చుకుంటుంది.”

“ఎట్ల కుచ్చుకుంటుంది?” అంది మానస. మణికట్టు వదల్లేదు.